తీతువు పిట్టకు బాకీ పడ్డాను

పొయ్యి మీద పాలు పొంగిపోయాయంటే మా ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది, వంటింటి కిటికీ అవతల ఏదో పిట్ట వాలిందని! నవ్వకండి. మీ వంటింటికీ ఒక కిటికీ ఉంటుంది. దాని అవతల ఓ మందార చెట్టో, కరివేపాకు చెట్టో, కనీసం పక్కింటి గోడ మీదికి పాకిన కాకరతీగో ఉండే ఉంటుంది. దానివైపు ఊరికే, ఏ పనీ లేకుండా, ఐదు నిమిషాలు చూసి ఎన్నాళ్ళయిందో చెప్పండి చూద్దాం! నేనైతే పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక పాతికేళ్ళపాటు ఒక్కసారి కూడా చూడలేదు. పువ్వులు కోసుకున్నాను, ఆకులు ఊడ్చాను. అంతే.

మాది ధర్మపురి. మీలో చాలామంది వచ్చే ఉంటారు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, ఆ పక్కనే ఉన్న యమధర్మరాజుకు కూడా ఓ దండం పెట్టుకుని, గోదావరిలో మునిగి వెళ్ళి ఉంటారు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని మా పెద్దవాళ్ళ మాట. గోదావరి ఇక్కడ దక్షిణానికి తిరిగి పారుతుందని, అందుకే ఈ స్నానానికి అంత పుణ్యమని అంటారు. అంత గొప్ప ఊళ్ళో ఉంటూ, నది అంటే నాకు తెలిసిందల్లా కార్తీకమాసంలో దీపాలు వదలడం, పుష్కరాలప్పుడు ఇంటినిండా చుట్టాలు! 2015 పుష్కరాలకైతే పన్నెండు రోజులూ నేను వంటింట్లోనే పుష్కరస్నానం చేశాననుకోండి.

ఇదంతా మారింది 2022 సంక్రాంతికి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కొత్త కెమెరా కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టాడు. "అమ్మా, గుళ్ళె ఉత్సవాలప్పుడు ఫోటోలు తీసుకో" అన్నాడు. ముక్కు బారెడు ముందుకు సాగే జూమ్ కెమెరా అది. మావారు ఒక నవ్వు నవ్వి, "ఫోన్ల ఫోటో తీస్తేనే నీ బొటనవేలు పడ్తది, నీకెందుకే గది?" అన్నారు. లెక్కల మాస్టారు కదా, తప్పులు వెతకడం అలవాటు. అసలు కథ అక్కడే మొదలైంది. ఆ మాట అనకుండా ఉంటే ఆ కెమెరా ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉండేది.

ఆ ఏడు వానాకాలంలో మా మందార చెట్టులో బొటనవేలంత పిట్ట ఒకటి అదేపనిగా తిరగడం చూశాను. తల మీద కొంచెం ఇటుకరంగు, పైకి నిక్కిన తోక. దర్జీ పిట్ట అంటారే, అది. రెండు ఆకుల అంచులను దగ్గరికి లాగి, ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెగూడు పోగులు, దూది పోగులు ఆ చిల్లుల్లోంచి దూర్చి కుడుతోంది. లోపలి మెత్త కోసం మా దిండులోంచి రాలిన దూది కూడా ఎత్తుకుపోయింది! ఆ కుట్టుపనంతా ఆడపిట్టదేనట. నలభై ఫోటోలు తీశాను. ముప్పై ఎనిమిదింట్లో ఆకులున్నాయి, పిట్ట లేదు. ఒకదాంట్లో తోక ఉంది. ఇంకొకదాంట్లో మసకమసకగా ఏదో ఉంది, అది పిట్టేనని నేను ప్రమాణం చేసి చెప్పాలి.

అయినా పట్టుదల వచ్చేసింది. మా అబ్బాయి ఫోన్లో పాఠాలు చెప్పేవాడు. సూర్యుడు నీ వెనకాల ఉండాలి. పొద్దున రెండు గంటల వెలుతురు, సాయంత్రం రెండు గంటల వెలుతురు బంగారం, మధ్యాహ్నం ఎండలో తీస్తే ఫోటో వెలిసిపోయిన చీరలా ఉంటుంది. పిట్ట కంటి మీద గురి పెట్టు, కన్ను స్పష్టంగా వస్తే మిగతాది కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఎగిరే పిట్టకైతే షట్టర్ వేగం సెకనులో వెయ్యోవంతుకు పెట్టు, లేకపోతే రెక్కలు పొగలా వస్తాయి. ఇవన్నీ నేను చాకలిపద్దు పుస్తకంలో వెనకపేజీల్లో రాసుకున్నాను.

కొన్ని చిట్కాలు మాత్రం మా అబ్బాయికీ తెలియవు, అవి మన చేతిలోవే. చెయ్యి వణకకుండా కెమెరాను ఆనించుకోవడానికి కొనే స్టాండు మొయ్యలేని బరువు. పాత లుంగీ గుడ్డతో చిన్న దిండు సంచీ కుట్టి, అందులో ముప్పాతిక వంతు పెసలు పోసి మూతి కుట్టేయండి. గోడ మీద, రాయి మీద, స్కూటరు సీటు మీద ఎక్కడ పెట్టినా కెమెరా దాంట్లో కుదురుగా కూర్చుంటుంది. ఇంకోటి, అద్దాన్ని చీర కొంగుతో తుడవకండి. కొంగులో ఉప్పూ పసుపూ ఉంటాయి, గీతలు పడతాయి. వానాకాలంలో కెమెరాను గాలి చొరని డబ్బాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి, బూజు పట్టదు. పిట్టల కోసం వెళ్ళేటప్పుడు ఆకురంగో, మట్టిరంగో చీర కట్టుకోండి. గులాబీరంగు చీరలో నేను వెళ్ళినరోజు కొంగలు ఆవలి ఒడ్డుకు పోయి కూర్చున్నాయి.

ఈ పిచ్చి నా ఒక్కదానికే పట్టిందా అనుకునేదాన్ని. కాదని మా అబ్బాయి పంపిన పుస్తకంలో చదివాను. ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అని ఇద్దరు అన్నదమ్ములు, పల్లెటూరి రైతు బిడ్డలు. 1892లో గుడ్లతో ఉన్న పిట్టగూటిని ఫోటో తీశారు. అలాంటి ఫోటోల్లో అదే మొట్టమొదటిదని చెబుతారు. తర్వాత తర్వాత పిట్టలు బెదరకుండా ఉండాలని ఒక ఎద్దు తోలుతో బోలు ఎద్దును చేయించి, దాని పొట్టలో దూరి గంటలకొద్దీ కూర్చునేవారట! చదివి పడీపడీ నవ్వాను. మావారికి చెబితే, "నాకు ఎద్దు తోలు తెమ్మని మాత్రం చెప్పకు" అన్నారు. ఆ అన్నదమ్ములు ఎద్దు పొట్టలో ఎందుకు కూర్చున్నారో నాకు ఆ తర్వాతగానీ తెలిసిరాలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ రాత.

వంటింటి కిటికీ చాలక, గోదావరి ఒడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టాను. రాత్రే కూరగాయలు తరిగిపెట్టుకుని, పప్పు నానబోసి, నాలుగున్నరకు లేచేదాన్ని. ఐదున్నరకల్లా మావారు స్కూటరు మీద రేవు దాకా దింపేవారు. ఏడున్నరకు మళ్ళీ ఇంట్లో ఉండాలి, అత్తమ్మకు మందులివ్వాలి. "ఏం ఉద్యోగమమ్మా నీది, జీతమెంత?" అని ఇరుగుపొరుగు వేళాకోళం. జీతం లేదు గాని రాబడి ఉంది, వినండి. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీళ్ళ మీద గాలిలో ఒక్కచోటే నిలబడి, రెక్కలు టపటపలాడిస్తూ కిందికి చూసి, రాయి విసిరినట్టు నీళ్ళలో పడుతుంది. చేపతో లేచే ఆ క్షణం పట్టుకోవడానికి నాకు పదకొండు పొద్దుళ్ళు పట్టింది. ఆ పదకొండు పొద్దుళ్ళలోనే సూర్యుడు రోజూ ఒక్కచోట పొడవడని, చలికాలంలో నీళ్ళ మీది పొగమంచు ఏ వేళకు విడుతుందో, ఏ ఇసుకమేట మీదికి ఏ కొంగ మొదట వస్తుందో తెలిసింది. పదో తరగతి దాకా చదువుకున్న చదువులో ఇవేవీ లేవు.

ఇక తీతువు పిట్ట సంగతి. మీకూ తెలిసే ఉంటుంది. పొడుగు పచ్చటి కాళ్ళు, నల్లటి గొంతు, కళ్ళ ముందు ఎర్రటి తోలు. పొలాల దగ్గర, చెరువుగట్ల మీద రాత్రీ పగలూ అరుస్తుంది. అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే చావు కబురు వస్తుందని మన ఊళ్ళలో నమ్మకం. మా అత్తమ్మకు ఆ పిట్ట అంటే హడల్. అర్ధరాత్రి అరుపు వినబడితే లేచి కూర్చుని "రామ రామ" అనుకుంటూ తెల్లవార్లూ నిద్రపోదు. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మావారి తర్వాత పుట్టిన ఆడపిల్ల పదకొండు నెలలకే జ్వరమొచ్చి పోయిందట. ఆ ముందు రాత్రి ఇంటి కప్పు మీదుగా తీతువు అరుచుకుంటూ పోయిందని ఆమె చెబుతుంది. ఇది జరిగి యాభై ఏళ్ళు దాటింది. అయినా ఆ పిల్ల పేరు ఎత్తదు, ఆ పిట్ట పేరూ ఎత్తదు. "గది" అంటుంది.

2023 ఏప్రిల్‌లో ఒకనాడు, నీళ్ళు తగ్గి గులకరాళ్ళు తేలిన చోట నడుస్తుంటే ఒక తీతువు నా నెత్తి మీదికి దూకినంత పని చేసింది. రెండోది కొంచెం అవతల అరుస్తూ పరుగెడుతోంది. ఎందుకా అని కిందికి చూస్తే నా కాలికి రెండడుగుల దూరంలో నాలుగు గుడ్లు! గూడు అంటూ ఏమీ లేదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్ళు. బూడిదరంగు మీద నల్లమచ్చలు, పక్కనున్న రాళ్ళకూ వాటికీ తేడా తెలియదు. మొనలన్నీ లోపలికి పెట్టి, ముగ్గు వేసినంత పొందికగా ఉన్నాయి.

నా సంతోషం ఏం చెప్పను! ఇలాంటి ఫోటో మా అబ్బాయి దగ్గర కూడా లేదు. పెసల సంచీ కింద పెట్టి, నేల మీద పడుకున్నంత పని చేసి తీశాను. వెలుతురు చాలలేదని ఎండ ఎక్కేదాకా ఉన్నాను. తల్లి వచ్చి గుడ్ల మీద కూర్చుంటే ఆ ఫోటో కూడా తీద్దామని పది అడుగుల దూరంలోనే కూర్చున్నాను. అది రాలేదు. వస్తూ, నన్ను చూసి ఆగుతూ, అరుస్తూ. "ఎందుకే అంత గోల, నేనేం తింటానా?" అని దానితో పరాచికాలు కూడా ఆడాను. ఎనిమిదిన్నర దాటాక మావారు వచ్చి కేకేస్తేగాని లేవలేదు.

ఆ రాత్రి ఫోటోలన్నీ పెద్దవి చేసి చూసుకుంటున్నాను. గుడ్లు అద్భుతంగా వచ్చాయి. ఒక ఫోటోలో మాత్రం మూలన ఏదో నల్లగా కనబడింది. ఏమిటా అని ఇంకా పెద్దది చేశాను. కాకి. గుడ్లకు వెనకగా, కొంచెం దూరంలో ఒక రాయి మీద కూర్చుని, నేను చూస్తున్న వైపే చూస్తోంది. తర్వాతి ఫోటోలోనూ ఉంది. దాని తర్వాతి దాంట్లోనూ.

నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి వెళ్ళి చూస్తే గుంటలో ఏమీ లేదు. పక్కన పగిలిన పెంకు ముక్క ఒకటి ఉంది. తల్లిపిట్ట అక్కడే ఉంది, అరవడం లేదు. గులకరాళ్ళ మధ్య ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తూ, మధ్యమధ్య ఆ గుంట దగ్గర ఆగుతోంది. నేను అంత దగ్గరికి వెళ్ళినా నా మీదికి దూకలేదు. ఇక దేనికోసం దూకాలి?

కాకి తన తిండి తాను వెతుక్కుంది, దాన్ని ఏమనగలం? రాళ్ళలో రాళ్ళలా ఉన్న గుడ్లను కాకికి వేలు పెట్టి చూపించింది నేను. తల్లిని గంటన్నర సేపు గుడ్ల దగ్గరికి రానివ్వంది నేను. తర్వాత చదివితే తెలిసింది, ఆ ఎండకు గుడ్లు ఉడికిపోకుండా తల్లీ తండ్రీ వంతులు వేసుకుని కాపాడుకోవాలని. ఎద్దు పొట్టలో కూర్చున్న అన్నదమ్ములు అప్పుడు గుర్తొచ్చారు. నవ్వు రాలేదు.

మావారు "పోనీలే, మళ్ళ పెడ్తదిలే" అన్నారు. అత్తమ్మకు చెప్పకూడదనుకున్నాను గాని, అన్నం ముందు కూర్చుని నేను కలుపుతూనే ఉంటే ఆమే అడిగింది. చెప్పాను. ఇంకేదైనా అంటుందనుకున్నాను. చాలాసేపు ఊరుకుని, "నాలుగా?" అని మాత్రం అడిగింది.

ఆ గుడ్ల ఫోటోలు ఎవరికీ చూపించలేదు. నెల రోజులు కెమెరా ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నాను గాని, చాకలిపద్దు పుస్తకంలో ఇంకో పేజీ తీసి కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాను. గూడు కనబడితే ఆగకుండా నడిచిపోవాలి, తిరిగి దూరం నుంచే చూడాలి. పిట్ట అరిచిందంటే, తినడం ఆపి తలెత్తిందంటే, నేను ఎక్కువ దగ్గరికి వచ్చానన్నమాట, వెనక్కి వెళ్ళాలి. ఫోటో కోసం కొమ్మలు విరవకూడదు, తిండి వేసి పిలవకూడదు. గూడు ఎక్కడుందో నలుగురికీ చెప్పకూడదు. పది నిమిషాలకు మించి ఒక్కచోట కూర్చోకూడదు. ఫోటో రాకపోతే రాకపోనీ.

ఆ డిసెంబరులో మా అబ్బాయి నన్ను కవ్వాల్ అడవికి తీసుకెళ్ళాడు. మాకు దూరమేమీ కాదు, రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం. 1965 నుంచి అభయారణ్యంగా ఉన్న ఆ అడవిని 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. లోపలి కోర్ ప్రాంతమే దాదాపు 890 చదరపు కిలోమీటర్లు. అందరూ పులి కోసం వస్తారు. మాకు కనబడలేదు. మా బండిలో ఉన్న ఒకావిడ "డబ్బులు దండగ" అని విసుక్కుంది. నాకు మాత్రం దండగ అనిపించలేదు. టేకు చెట్ల మీద కొండముచ్చులు ఆకులు తింటూ సగం తిని సగం కింద పడేస్తుంటే, కింద మచ్చల జింకలు వాటిని ఏరుకుని తింటున్నాయి. పైన కాపలా, కింద విందు. పులి జాడ కనబడితే కొండముచ్చు ముందు అరుస్తుందట, జింకలు జాగ్రత్తపడతాయట. ఒకరి అరుపు ఇంకొకరికి కబురన్నమాట!

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. అడవిలో పులులను లెక్కపెట్టేది కూడా ఫోటోలతోనేనట. చెట్లకు కెమెరాలు కట్టేసి వస్తారు. ఎదురుగా ఏ జంతువు నడిచినా అవే ఫోటో తీస్తాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు కాబట్టి ఏది ఏదో తెలిసిపోతుంది. మనిషి దగ్గర లేకుండానే ఫోటో! నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది, 2024. ఆ గులకరాళ్ళ మేట మీదే తీతువుల జంట ఒకటి కనబడింది. అవేనో కావో నాకు తెలియదు. ఈసారి నేను గట్టు మీది తుమ్మచెట్టు కింద, వంద అడుగులకు పైగా దూరంలో, మట్టిరంగు చీరలో కూర్చున్నాను. జూమ్ ఎంత సాగదీసినా పిట్ట చిన్నదిగానే కనబడుతోంది. ఫరవాలేదనుకున్నాను.

ఒక్క భయం మాత్రం పట్టుకుంది. ఇసుక ట్రాక్టర్లు వచ్చే దారి ఆ మేట పక్కనుంచే. గూడు ఎక్కడో ఎవరికీ చెప్పకూడదని కదా నా కట్టుబాటు! రెండు రోజులు తర్జనభర్జన పడి, మూడో రోజు ట్రాక్టరు ఆపి, డ్రైవరు పిల్లవాడికి గుడ్లు చూపించకుండా, "బాబూ, ఈ పక్క పిట్ట పిల్లల్ని పెడ్తున్నది, కొంచెం అవతలికెళ్ళి పోరాదు?" అన్నాను. తిడతాడేమో అనుకున్నాను. అతను దిగి, తల గోక్కుని, "పిట్ట కోసమా అమ్మా? సరే తియ్యి, పక్కకెళ్ళి పోతం" అన్నాడు. అనడమే కాదు, మిగతా బండ్లవాళ్ళకు తెలిసేలా ఆ దారికి అడ్డంగా తుమ్మకంప పడేసి పోయాడు.

మే మొదటివారంలో ఎండ మండిపోతోంది. ఒకరోజు పొద్దున తొమ్మిది దాటాక చూశాను. తీతువు గుడ్ల మీద నుంచి లేచి, నీళ్ళలోకి నడిచి, పొట్ట మునిగేలా వంగి కూర్చుంది. లేచి, నీళ్ళు కారుతుండగా పరుగుపరుగున వచ్చి గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళింది. పొట్ట ఈకలు తడుపుకొచ్చి ఆ తడితో గుడ్లను చల్లబరుస్తోంది! జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద మనం తడిగుడ్డ వేసి, అది ఆరిపోగానే మళ్ళీ తడిపి వేస్తామే, అచ్చంగా అలాగే. ఒకే ఒక్క ఫోటో తీశాను. తడిసిన పొట్ట, పచ్చటి కాళ్ళ వెంట నీటిబొట్లు.

ఇరవై రెండు రోజులు ఆ గుడ్ల మీద కన్నేసి ఉంచాను. ఆ తర్వాత ఒక పొద్దున గుంట ఖాళీగా ఉంది. గుండె ఝల్లుమంది. అంతలో తల్లి ఒక్క అరుపు అరిచింది, రాళ్ళ మధ్య మూడు రాళ్ళు కదిలి నేలకు అతుక్కుపోయాయి. పిల్లలు! నాలుగో గుడ్డు ఏమైందో తెలియదు. ఆ మూడింట్లో ఎన్ని పెద్దవయ్యాయో అదీ తెలియదు. మూడు మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఆ తడిపొట్ట ఫోటోను కాగితం మీద వేయించి తెచ్చి, రెండు రోజులు దాచి, మూడో రోజు భయపడుతూనే అత్తమ్మ చేతిలో పెట్టాను. "ఏందిది?" అంది. ఏ పిట్టో చెప్పాను. ఏం చేస్తోందో చెప్పాను. ఆమె కళ్ళజోడు తెమ్మంది. పెట్టుకుని చూసింది. చూపుడువేలితో ఆ పిట్ట పొట్ట మీద ఒకసారి తడిమింది. "గింత ఎండల కూసున్నది... గొడుగన్న లేకపాయె" అంది. ఫోటో తిరిగి ఇవ్వలేదు. తన దిండు కింద పెట్టుకుంది.

ఆ ఏడు దసరాకు ఇంకో సంగతి జరిగింది. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మనందరికీ నమ్మకం కదా. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా కూడా దాన్నే ప్రకటించారు. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని కొందరు ఆ పిట్టలను పట్టి, రెక్కలు కదలకుండా చేసి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ తిప్పి డబ్బులు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. మనమిచ్చే పదో ఇరవయ్యో లేకపోతే ఆ పిట్టను ఎవరు పడతారు చెప్పండి? ఒకప్పుడు నేనూ ఇచ్చినదాన్నే. పసుపు కుంకుమ పెట్టి దండం కూడా పెట్టాను.

ఈసారి మా వాడకట్టులో ఆడవాళ్ళతో, "పైసా ఖర్చు లేకుండ నేను చూపిస్త, రండి" అన్నాను. ఐదుగురు వచ్చారు. రాయపట్నం దారిలో పొలాల పక్క కరెంటు తీగ మీద రోజూ వాలే పాలపిట్ట ఒకటి నాకు తెలుసు. అరగంట నిలబడ్డాం. "ఏదే నీ పిట్ట?" అని గొణుగుళ్ళు మొదలయ్యాయి. అప్పుడు తీగ మీది మట్టిరంగు పిట్ట ఒకటి, మేమెవరమూ గమనించనిది, పొలంలోకి దూకుతూ రెక్కలు విప్పింది. అబ్బ, ఆ నీలం! ఒక్కసారిగా అందరం "ఓ!" అన్నాం. పంజరంలో ముడుచుకు కూర్చున్న పిట్టలో ఆ నీలం కనబడదు. అది రెక్కలు విప్పితేనే ఉంటుంది. నేను కెమెరా ఎత్తడం కూడా మరిచిపోయాను. ఆ సాయంత్రం జమ్మి బంగారం చేతుల్లో పెట్టుకుంటూ, "వచ్చే ఏడు మా చెల్లెను గూడ తోల్కొస్త" అంది వాళ్ళలో ఒకావిడ.

ఇదంతా విని మీరు "మాకు కెమెరా ఎక్కడిది?" అనుకుంటున్నారేమో. మొదట కెమెరా అక్కర్లేదు. కిటికీ దగ్గర ఐదు నిమిషాలు చాలు. ఎండాకాలంలో గోడ మీద వెడల్పాటి మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టండి. లోతు రెండంగుళాలు మించకుండా, పిట్ట నిలబడడానికి మధ్యలో ఒక రాయి ఉండేలా. రోజూ కడిగి మార్చండి. వారం తిరక్కుండా మీ ఇంటికొచ్చే చుట్టాలెవరో మీకే తెలుస్తుంది. ఫోన్ కెమెరాతో సీతాకోకచిలుకలు, పువ్వుల మీది తేనెటీగలు ఎంత బాగా వస్తాయో! పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళ కళ్ళు మనకంటే చురుకు. ఒక్కటి మాత్రం నా అనుభవంగా చెబుతున్నాను, గుర్తుంచుకోండి. ఏ పిట్టా మన ఫోటో కోసం అక్కడ కూర్చోలేదు. దానికీ ఇల్లూ పిల్లలూ ఉన్నాయి, దాని పొయ్యి మీదా పాలున్నాయి.

ఈమధ్య ఒక రాత్రి, రెండు గంటలప్పుడు, తీతువు అరుచుకుంటూ మా ఇంటి మీదుగా పోయింది. నాకు మెలకువ వచ్చింది. అత్తమ్మ గదిలో మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టుంది. ఇక "రామ రామ" మొదలవుతుందని, వెళ్ళి పక్కన కూర్చుందామని నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆమె గొంతు వినబడింది.

"కుక్కలు గిట్ల వచ్చినట్టున్నయి బిడ్డా దాని గుడ్ల కాడికి" అంది.

కాసేపు ఇద్దరం చెవులొగ్గి విన్నాం. అరుపు నది వైపు పోయి ఆగిపోయింది.

"పోయినట్టున్నయి తియ్యి" అని అత్తమ్మ అటు తిరిగి పడుకుంది.